పై వాటా లెక్కలో నా భార్య

కరెంటు బిల్లు పంపకం విషయమై మా ఇంటి కింది వసారాలో జరిగిన సమావేశానికి హాజరైనవారు, వచ్చిన వరుసలో, వీరు. ముందుగా నేను, అనగా ఇంటి యజమానిని. తరువాత, డాబా మీది ఒంటి గదిలో అద్దెకుంటూ కట్టుడు పళ్లు తయారు చేసే ఆయన. ఆ తరువాత పై వాటాలో అద్దెకుండే కుట్టుపనావిడ. ఆమె చెయ్యి పట్టుకొని నెమ్మదిగా మెట్లు దిగిన ఆమె అత్తగారు. ఆ అత్తగారి రెండో చెయ్యి పట్టుకొని, అందరికన్నా చివర, నా భార్య.

నా భార్య కింది వాటాలో నాతోనే కాపురం ఉంటోంది. సమావేశం జరిగిన వసారా ఆమె వంటగదికి ఆనుకొనే ఉంది. అయినా ఆమె సమావేశానికి పైనుంచి దిగి వచ్చింది. వచ్చి, నా పక్కన ఖాళీగా ఉంచిన కుర్చీని దాటిపోయి, పై వాటా వారితో కలిసి బల్ల మీద కూర్చుంది. హాజరైనవారి వరుసను ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

ఇంటికంతటికీ మీటరు ఒక్కటే. బిల్లు నా పేర వస్తుంది. మనుషుల సంఖ్యను బట్టి దానిని పంచుకోవడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. గత వేసవిలో డాబా మీది పళ్లాయన అక్కగారు పిల్లలతో సహా వచ్చి, వేసవి అయ్యేదాకా ఉండిపోయారు. "వాళ్లు చుట్టాలండీ, అద్దెకున్నవాళ్లు కారు కదా" అని ఆయన వాదించారు. నేను ఉద్యోగ జీవితమంతా నిబంధనల ముసాయిదాలు తయారు చేసే విభాగంలో గడిపినవాడిని. నేను రాసిన నిబంధనలో కంత వెదుక్కొని బయటపడ్డవాడు లేడని నా పదవీ విరమణ సభలో పైఅధికారి అన్నారు. అది మర్యాదకు అన్న మాట కాదు. కనుక ఆ రోజే 'నివాసి' అన్న పదానికి ఒక నిర్వచనం రాసి మీటరు పెట్టె తలుపుకు అంటించాను:

"నివాసి అనగా, బంధుత్వముతో గాని అద్దె ఒప్పందముతో గాని నిమిత్తము లేకుండా, తాను మేలుకొని ఉన్న పగటి సమయములో సగమునకు మించి ఏ వాటాలో గడుపునో ఆ వాటాకు చెందిన వ్యక్తి."

పళ్లాయన దానిని రెండుసార్లు చదివి, గొణుక్కుంటూనే తన అక్కగారి పిల్లల భాగం కూడా కట్టారు. నా నోట్లోని పై వరుస ఆయన చేసినదే. ఆయనకు వ్యతిరేకంగా నేను పలికే ప్రతి మాటలోనూ ఆయన పనితనం కొంత ఉంటుంది. ఈ సంగతి ఆయన మరచిపోయే మనిషి కాదు.

ఇక కుట్టుపనావిడ సంగతి. ఆమె హోటళ్లకు కర్టెన్లు, దిండు గలీబులు, కుర్చీల తొడుగులు కుట్టి ఇస్తుంది. భర్తకు ఓడ మీద ఉద్యోగం; ఎప్పుడో గాని ఇంటికి రాడు. ఇంట్లో ఉండేది అత్తా కోడలూను. ఒకనాడు మా కర్టెను అంచు ఊడితే కుట్టించుకు రావడానికి నా భార్య పైకి వెళ్లింది. అంచు కుట్టడం ఆ పూటే అయిపోయింది. నా భార్య వెళ్లడం మాత్రం ఆగలేదు. పొద్దున గిన్నెలు బోర్లించగానే మెట్లెక్కేది. మధ్యాహ్నం వచ్చి భోజనం వడ్డించి, నేను చెయ్యి కడుక్కొని వచ్చేలోపు మళ్లీ మాయమయ్యేది. దీపాలు వేసే వేళకు దిగి వచ్చేది. భుజం మీద దారప్పోగులు ఉండేవి, పెదవుల మీద ఏదో మిగిలిపోయిన నవ్వు ఉండేది. ఇంట్లో పనేమీ లేదా అంటే, అయిపోయిందండీ అనేది. నిజంగానే అయిపోయి ఉండేది. తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు.

నేను పగలు కూర్చునే కుర్చీ సరిగ్గా కుట్టుపనావిడ మిషను కింద ఉంది. మిషను నడుస్తున్నంతసేపూ నాకు ఏ బాధా లేదు. అది ఆగేది. ఆగిన మరుక్షణం నవ్వు వినిపించేది. ఆ రెండు నవ్వుల్లో నా భార్యది ఏదో నాకు తెలుసు. మా కాపురం కొత్తలో విన్నదే. తరువాత అది ఎటు పోయిందని నేను విచారించలేదు. వయసుతో పాటు పోయే వాటిలో అదీ ఒకటి అనుకున్నాను. పోలేదు. నా ఇంటి కప్పు మీదే, పరాయి వాటాలో, చెక్కుచెదరకుండా ఉంది. ఆ నవ్వు నా గురించే అన్న విషయంలో నాకు సందేహం ఉండేది కాదు. నా నడకో, నేను గొంతు సవరించుకునే తీరో వాళ్ల నోళ్లలో పడి నలుగుతున్నాయనుకొనేవాడిని.

పైన గాలి బాగా వస్తుందని వెళుతోందేమోనని కూలరు కొన్నాను. ఆమె దాని ముందు కాసేపు నిలబడి, "హాయిగా ఉందండీ" అని చెప్పి, పైకి వెళ్లింది. మరునాడు వచ్చి, "పైన పెద్దమ్మగారికి ఉక్కగా ఉంటోందట, దీన్ని పగటిపూట పైకి చేర్పిద్దామా" అని అడిగింది.

దీనిని అసూయ అంటారు. కన్నుకుట్టడం, కడుపుమంట అని కూడా అంటారు. మరో మగవాడిని చూసి అసూయపడే భర్తకు లోకంలో కొంత గుర్తింపైనా ఉంది. కర్టెన్లు కుట్టుకొనే ఒక ఇల్లాలిని చూసి అసూయపడే వృద్ధుడికి అదీ లేదు. కనుక నేను ఎవరితోనూ చెప్పుకోక, నా మాటను కరెంటు బిల్లు చేత చెప్పించదలిచాను. మోటారు వాడే వాటాకు ఒక మనిషిని అదనంగా లెక్కించాలన్నది నా ప్రతిపాదన. ఆ భారం మీద పడితే కుట్టుపనావిడ తన మిషనును వీధి చివర ఖాళీగా ఉన్న దుకాణం గదికి మార్చుకుంటుంది. మిషనుతో పాటే కబుర్లూ పోతాయి. నా భార్య కిందికి వస్తుంది. సమావేశం పిలిచింది ఇందుకే.

ప్రతిపాదన చదివి కళ్లజోడు తీశాను.

"మోటారంటే నాది కూడానా సార్?" అన్నారు పళ్లాయన.

"మోటారు అంటే మోటారే."

"నాది మీ బొటనవేలంత ఉంటుంది. దాంతోనే మీ పళ్లు నునుపు చేశాను. మోటారు అని మీరిప్పుడింత స్పష్టంగా అనగలిగారంటే దాని చలవే."

నా భార్య నవ్వింది. కుట్టుపనావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, ఆ చెయ్యి తీశాక, "నేను కాదనను బావగారూ, మిషను కరెంటు తాగేమాట నిజమే" అంది. నా భార్యను ఆమె అక్కా అని పిలుస్తుంది. ఆ వరుసన నేను బావగారినయ్యాను. ఆ బంధుత్వానికి నా సమ్మతి ఎవరూ అడగలేదు.

"ఉండమ్మా, మోటార్ల సంగతి తర్వాత" అంటూ పళ్లాయన లేచి మీటరు పెట్టె దగ్గరికి వెళ్లారు. "ముందు మనుషుల సంగతి తేలాలి. సార్, మా అక్కయ్య పిల్లలకి నేను కట్టానా లేదా?"

"కట్టారు."

"ఎందుకు కట్టాను?"

"నిబంధన ప్రకారం."

"చుట్టరికంతో పనిలేదు, పగలు ఎక్కడుంటే అక్కడి మనిషే అని మీరే రాశారు. అంతేనా? అయితే మీ ఇంటావిడగారు ఏ వాటా మనిషి?"

"ఆమె నా భార్య" అన్నాను.

"అది చుట్టరికం సార్."

ఆయన నా భార్య వైపు తిరిగారు. "పిన్నిగారూ, మీరే చెప్పండి. పొద్దున లేచింది మొదలు ఎక్కువసేపు ఎక్కడుంటున్నారు?"

ఆమె కింద అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరూ గడియారం పట్టుకొని లెక్కించలేదు, సాక్ష్యం అడిగేవారూ లేరు. ఆ ఒక్క మాట కోసం నేను ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె తన వేళ్లను, వాటి కొసలకు సూది గుచ్చుకున్న గుర్తులను చూసుకుంటోంది.

"పైనే ఉంటున్నాను. అబద్ధమెందుకు?" అంది. తరువాత నాతో కాక పళ్లాయనతో చెప్పింది. "కింద నేనో మాట మొదలుపెడితే ఈయన దాన్ని సరిచేసి నా చేతికిస్తారు. మళ్లీ మొదట్నించీ చెప్పే ఓపిక నాకుండదు. పైన ఎలా చెప్పినా చెల్లిపోతుంది."

ఆ గొంతులో నింద ఏమీ లేదు. ఉంటే జవాబు చెప్పేవాడిని.

మరొకరైతే నిబంధనను అక్కడికక్కడే సవరించేవారు. తనకు దెబ్బ తగిలిన రోజున నిబంధన మార్చకూడదని నా కింద పనిచేసిన వారందరికీ నేర్పినవాడిని నేను. కలం మూత తీసి, రాయవలసినది రాయడానికి సిద్ధమయ్యాను.

"అక్కని మా లెక్కలోనే వేసుకోండి బావగారూ" అంది కుట్టుపనావిడ. "ఆవిడ భాగం మేం కడతాం. మాకేం బరువు? ఆవిడుంటే మాకే బాగుంటుంది."

సాయంగా అన్న మాటే. కాని ఆ చివరి మాటను ఆమె ఎంత సులువుగా అనేసిందంటే, ఆ సులువు చూసే నాకు ఒళ్లు మండిపోయింది. నా భార్య ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ కుట్టుపనావిడ అత్తగారు చేతికర్ర మీద గడ్డం ఆనించి అందరి నోళ్ల వంకా చూస్తున్నారు. ఆమెకు చెవుడు. కోడలి మోచెయ్యి లాగి, "ఏమంటున్నారే?" అని అడిగారు.

కోడలు ఆమె చెవి దగ్గరికి వంగింది. "కింది అక్కని మన వాటాలో లెక్కేస్తారట అత్తయ్యా."

"ఇంకా లెక్కెయ్యడానికేముంది? నా కుర్చీతో సహా లెక్కేసేసుకుంది."

"అదేంటి పెద్దమ్మగారూ?" అంది నా భార్య గొంతు పెంచి.

"అవునే తల్లీ. కిటికీ దగ్గర కుర్చీ నాది. నువ్వొచ్చాక సూదికి వెలుతురు కావాలని కోడలు దాన్ని నీకిచ్చింది. నేను మంచం మీదికెక్కాను. మీరిద్దరూ నవ్వుతారు. ఏంటే అనడిగితే, ఏం లేదత్తయ్యా అంటుంది. ఇన్నేళ్లలో నా కోడలు నాతో 'ఏం లేదు' అని ఎప్పుడూ అనలేదు. నువ్వొచ్చాకే నేర్చింది."

"అత్తయ్యా, మీకు వినిపించేలా అరిచి చెప్పాలంటే వీధంతా వింటుంది" అంది కోడలు ఆమె చెవిలోనే, ముఖం ఎర్రబడి.

"విననీ. నీకేం నష్టం?" పెద్దావిడ నా వైపు తిరిగారు. "అబ్బాయ్." ఈ వయసులో నన్ను అబ్బాయ్ అనేవారు ఆమె ఒక్కరే. "నీ కాగితంలో ముసలివాళ్లు వాటా మారకూడదని ఉందా?"

"లేదు" అని, ఆమెకు తెలిసేలా తల అడ్డంగా కూడా ఊపాను.

"అయితే రేపట్నించి నేను పగలంతా ఇక్కడే కూర్చుంటాను. గాలి బాగానే ఉంది, మనుషులు కనిపిస్తారు. ఆ అమ్మాయిని పైకి రాసుకో. నన్ను కిందికి రాసుకో."

పళ్లాయన వేళ్లు ముడుస్తూ లెక్క చూసి నవ్వేశారు. "పైనా ఇద్దరే, కిందా ఇద్దరే. ఎవరి భాగం వాళ్లదే. మనుషులు మాత్రం మారారు. మరి మోటార్లు సార్?"

మోటార్ల ప్రతిపాదనను ఉపసంహరించుకున్నాను. దాని అసలు ఉద్దేశం అప్పటికే అందరి కళ్లకూ కనిపిస్తోంది. నా భార్య మొదటిసారి నన్ను తిన్నగా చూసింది. నిబంధన వెనక ఉన్న మనిషి కనిపించిపోయాక ఆ నిబంధన నిలవదు.

మరునాటి నుంచి పెద్దావిడ మా వసారాలోకి వచ్చారు. పొద్దున కోడలు మెట్లు దింపి, నా కుర్చీకి ఎదురుగా కూర్చోబెట్టి, నీళ్ల చెంబు పక్కన పెట్టి వెళ్లేది. ఆ వెనకనే నా భార్య మెట్లెక్కేది. ఇద్దరూ మెట్లు ఎక్కుతూ ఏదో అనుకొని నవ్వుకొనేవారు.

పెద్దావిడ సహవాసం నేను కోరుకున్నది కాదు. ఆమె వాక్యాలను సరిదిద్దవలసిన అవసరం మొదట్లో తరచుగా కలిగేది. కాని ఆమెకు వినపడదు కనుక అది గట్టిగా అరచి చేయవలసి వచ్చేది. అరచి చేసే సవరణలో గౌరవం ఉండదు. మానుకున్నాను. మానుకున్నాక ఆమె చెప్పేవి చివరిదాకా వినక తప్పలేదు. కొన్ని బాగానే ఉండేవి.

అసూయను ఆమె మోకాళ్ల నొప్పి చెప్పుకున్నట్టు చెప్పుకొనేవారు. "ఇవాళ నాకు కుళ్లు ఎక్కువగా ఉంది అబ్బాయ్. నీకో?"

"నాకటువంటిదేమీ లేదు" అని అరిచేవాడిని.

"అయితే ఆ పేపరు పొద్దుట్నించీ ఒక్క పేజీ కూడా కదలదేం?"

పై నుంచి వచ్చే చప్పుళ్లు ఆమెకు వినపడవు కనుక ఆ పని నా మీద పడింది.

"నవ్వుతున్నారా?"

"మిషను నడుస్తోంది."

"ఆగాక చెప్పు."

ఆగేది. "నవ్వుతున్నారు" అనేవాడిని ఆమె చెవి దగ్గర.

"మాదా, మీదా?"

"ఇద్దరూను."

"ముందెవరు?"

"మాది."

"చూశావా మరి" అనేవారు ఆమె, నేరమంతా నా వాటాదే అన్నట్టు. ముందు నవ్వినది ఆమె కోడలైతే పెదవి విరిచి, చెంబెత్తి నీళ్లు తాగేవారు. ఒకరి కడుపుమంట ఒకరికి తెలిసిన ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే పొద్దు కొంచెం తొందరగా గడుస్తుందని నేను గమనించాను.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం మిషను ఆగింది, మళ్లీ నడవలేదు. ఏదో లాగిన చప్పుడు, మంచం జరిపిన చప్పుడు వచ్చాయి. ఆ పైన నవ్వు మొదలైంది. అది ఆగి, ఆగినట్టే ఆగి, మళ్లీ మొదలయ్యేది. నా భార్య ఊపిరాడక "అయ్యో, ఆగవే" అంటున్న మాట కూడా వినిపించింది.

పెద్దావిడ నా ముఖం చూస్తున్నారు. "ఏం, అంతిదిగానా?"

"అంతే."

"దేనికట?"

"తెలియదు."

"అడగొచ్చుగా."

"పిలవని చోటికి వెళ్లి అడగడం మర్యాద కాదు."

"మర్యాదని ఒళ్లో పెట్టుకుని ఇలాగే కూర్చో" అని ఆమె కర్ర ఊతంతో లేచారు. పడిపోతారేమోనని వెనకే లేచాను. ఆమె మెట్ల మొదట్లో నిలబడి, కర్ర ఎత్తి ఇనుప కమ్మీ మీద కొట్టారు. ఇల్లంతా మోగింది. పైన నవ్వు ఆగిపోయింది.

"ఏమే, దేనికి నవ్వుతున్నారో మాకూ చెప్పండి. కింద మేమిద్దరం కుళ్లి చస్తున్నాం" అన్నారు.

వెనక్కి తగ్గుదామంటే ఆమె మోచెయ్యి నా చేతిలో ఉంది. నా భార్య మెట్ల మలుపు దగ్గరికి వచ్చింది. కళ్లు తుడుచుకుంటోంది. ముందు పెద్దావిడను, తరువాత నన్ను చూసింది.

"మీరు కూడానా?" అంది.

అవునని గాని కాదని గాని తేలకుండా బదులివ్వగల వాక్యాలు నా వృత్తిలో అనేకం ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. "ఊఁ" అన్నాను.

ఆమె కొంతసేపు నన్ను అలాగే చూసి, ఆ మెట్టు మీదే కూర్చుంది. "దిండు గలీబుకి మూడు పక్కలా కుట్టి ఒక పక్క వదిలెయ్యాలి కదా. నేను మాటల్లో పడి నాలుగు పక్కలా కుట్టేశాను. ఈలోగా కత్తెర కనిపించలేదు. మంచం కింద చూశాం, పెద్దమ్మగారి దుప్పట్లో చూశాం, మిషను దగ్గర్నించి దీన్ని లేపి దీని కింద కూడా చూశాను. చివరికి ఆ గలీబు మడత పెడుతుంటే చేతికేదో గట్టిగా తగిలింది. కత్తెర దాంట్లోనే ఉంది. విప్పి తీద్దామంటే కత్తెర కావాలి."

"బ్లేడుంది కదక్కా అన్నాను బావగారూ" అంది కుట్టుపనావిడ పైనుంచి తల వంచి. "అది కూడా లోపలే ఉందేమో చూడవే అంది."

"ఏంటట?" అని పెద్దావిడ నా చెయ్యి లాగారు.

ఆమెకు చెప్పే పని నాదే కనుక, గొంతు సవరించుకొని, వీధంతా వినేలా చెప్పాను. "కత్తెరను గలీబు లోపల ఉంచి, నాలుగు వైపులా కుట్టివేసినదట. ఇప్పుడు గలీబును విప్పుటకు కత్తెర లేదట."

నా భార్య మళ్లీ నవ్వింది. ఈసారి నేను చెప్పిన తీరుకే నవ్వింది, అందులో అనుమానం లేదు. కాని ఆ నవ్వు కప్పు గుండా రాలేదు. ఎదురుగా, మెట్టు మీదినుంచి వచ్చింది. పెద్దావిడ భుజాలు ఊగుతున్నాయి. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను. నన్ను గురించి నవ్వుకుంటున్నారని ఇన్నాళ్లూ అనుకున్న నాకు, వాళ్ల మాటల్లో నేను ఎక్కడా లేనని తెలిసి ఎంత తేలికపడ్డానో, లోపల ఒక మూల అంత చివుక్కుమన్న మాట కూడా నిజం.

నా భార్య ఇప్పటికీ పై వాటా నివాసియే. నిబంధన మారలేదు, కాగితం మీటరు పెట్టె తలుపు మీదే ఉంది. అయితే పైన మిషను ఆగి నవ్వు వినిపించినప్పుడు ఆమె మెట్ల మలుపు దాకా వచ్చి, సంగతేమిటో చెప్పి వెళుతోంది. చెప్పినంతసేపూ నేను నోరు మెదపను. ఒక్కొక్కసారి సంగతి చెప్పడం అయ్యాక కూడా ఆ మెట్టు మీద కూర్చుంటుంది. అప్పుడు పైన ఒంటరిగా నడిచే మిషను చప్పుడులో నాకు ఒక రకమైన సంతోషం వినిపిస్తుంది. అసూయ నన్ను విడిచిపోయిందని నేను రాయను.

మెట్ల మొదట్లో నిలబడి, కర్రతో కమ్మీ మీద కొట్టి, మా ఇద్దరి తరఫునా ఆ ప్రశ్న అడిగినవారు కుట్టుపనావిడ అత్తగారు, ప్రస్తుతం కింది వాటా నివాసి. అది నేను అడగవలసిన ప్రశ్న. అడిగినది ఆమె. ఈ ఇంటి యజమానిగాను, పై వాటా నివాసి భర్తగాను, ఈ విషయాన్ని కృతజ్ఞతాపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాను.